ఆరిఫైస్‌తో గ్యాస్ కొలవాలంటే డీపీ ట్రాన్స్‌మిటర్ రేంజ్ ఎంత పెట్టాలి?

ఆరిఫైస్ ప్లేట్ అంటే పైపులో అడ్డంగా బిగించే, మధ్యలో రంధ్రం (బోర్) ఉన్న పలక. గ్యాస్ దాన్ని దాటేటప్పుడు దాని ముందూ వెనకా పీడనాల్లో వచ్చే తేడానే డీపీ. దాన్ని కొలిచి సిగ్నల్‌గా పంపేది డీపీ ట్రాన్స్‌మిటర్. ఇలా ఆరిఫైస్ ప్లేట్‌తో గ్యాస్ ఫ్లో కొలిచే లూప్‌కి రేంజ్ ఖరారు చేసేటప్పుడు చాలామంది ముందుగా చూసేది డేటా షీట్‌లోని మ్యాగ్జిమమ్ కాలమ్. ఆ ఫ్లోకి డీపీ లెక్కకట్టి, దగ్గర్లో ఉన్న రౌండ్ ఫిగర్ ఒకటి రాసేస్తారు. నేనైతే ఆ కాలమ్‌ని చివర్లో చూస్తాను. రోజులో ఎక్కువ గంటలు గ్యాస్ ఎంత పారుతోంది, తగ్గితే ఎంతదాకా తగ్గుతుంది అనేవి ముందు తెలుసుకోవాలి. గరిష్ఠ ఫ్లో దగ్గర మార్కెట్లో దొరికే ఏ మంచి ట్రాన్స్‌మిటరైనా బాగానే కొలుస్తుంది. రేంజ్ సరిగ్గా ఎంచుకున్నామా లేదా అన్నది తేలేది తక్కువ ఫ్లోలోనే.

ఫ్లో సగమైతే డీపీ పావు

ఫ్లో డీపీ వర్గమూలానికి అనులోమంగా ఉంటుందని అందరం చదువుకున్నదే. కానీ దాన్ని అంకెల్లో ఒకసారి రాసుకుని చూస్తే దాని దెబ్బ ఎంతో తెలుస్తుంది. ఫ్లో 70 శాతం ఉంటే డీపీ 49 శాతం. ఫ్లో 50 అయితే డీపీ 25. ఫ్లో 30కి వస్తే 9, 20కి వస్తే 4, 10కి వస్తే 1 శాతమే. అంటే ఫ్లో పదో వంతుకి పడిపోయినప్పుడు ట్రాన్స్‌మిటర్ తన స్పాన్‌లో (కొలవడానికి పెట్టుకున్న మొత్తం డీపీ పరిధిలో) నూరో వంతుని చూసి మీకు సమాధానం చెప్పాలి.

ఒక ట్రాన్స్‌మిటర్ ఖచ్చితత్వం స్పాన్‌లో 0.075 శాతం అనుకుందాం. ఆ తప్పు కిలోపాస్కల్స్‌లో ఎక్కడైనా ఒకటే, కానీ రీడింగ్ తగ్గేకొద్దీ అది రీడింగ్‌లో పెద్ద భాగం అవుతుంది. డీపీలో వచ్చే తప్పులో సుమారు సగం ఫ్లోలోకి వస్తుంది కాబట్టి, పూర్తి ఫ్లో దగ్గర తప్పు 0.04 శాతం కూడా ఉండదు. 30 శాతం ఫ్లో దగ్గర అది రీడింగ్‌లో 0.42 శాతం, 20 దగ్గర 0.94, 10 దగ్గర 3.75 శాతం అవుతుంది. ఇది కూడా ల్యాబ్‌లో ఇరవై డిగ్రీల చిల్లర ఉష్ణోగ్రతలో, లైన్ ప్రెజర్ లేకుండా చెప్పిన మాట. ఎండ, చలి, లైన్ ప్రెజర్, ఏళ్ల తరబడి డ్రిఫ్ట్ దీనికి అదనం.

ప్లేట్ సంగతీ పక్కన పెట్టుకుని చూడాలి. ఆరిఫైస్ ప్లేట్ల అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎస్ఓ 5167-2 ప్రకారం బీటా (బోర్ వ్యాసానికి, పైపు లోపలి వ్యాసానికి ఉన్న నిష్పత్తి) 0.2 నుంచి 0.6 మధ్య ఉంటే డిశ్చార్జ్ కోఎఫిషెంట్ (లెక్కలో వచ్చిన ఫ్లోని అసలు ఫ్లోకి సరిచేసే గుణకం) అనిశ్చితి 0.5 శాతం. పైన చెప్పిన ట్రాన్స్‌మిటర్ తప్పు ఈ 0.5ని దాటేది 27 శాతం ఫ్లో దగ్గర. దానికి పైన మీటర్ నాణ్యతని ప్లేట్, దాని ముందూ వెనకా ఉన్న స్ట్రెయిట్ పైపు నిర్ణయిస్తాయి. దానికి కింద ట్రాన్స్‌మిటర్, దాని జీరో (డీపీ లేనప్పుడు అది చూపించే రీడింగ్) నిర్ణయిస్తాయి. మీ గ్యాస్ ఎక్కువకాలం ఆ గీతకి ఏ వైపు ఉంటుందో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

క్యాప్సూల్ వేరు, స్పాన్ వేరు

రేంజ్ అనే ఒక్క మాటతో రెండు సంగతులు కలిపేయడం వల్ల ఆర్డర్లలో గందరగోళం వస్తుంది. ట్రాన్స్‌మిటర్ లోపల డీపీని పట్టే భాగం క్యాప్సూల్. అది గరిష్ఠంగా కొలవగలిగేది యూఆర్‌ఎల్ (అప్పర్ రేంజ్ లిమిట్). అందులో మనం 4 నుంచి 20 మిల్లీ ఆంప్స్‌కి పెట్టుకునేది స్పాన్. స్పాన్‌ని హ్యాండ్ హెల్డ్‌తో (చేతిలో పట్టుకుని సెట్టింగులు మార్చే పరికరంతో) ఎప్పుడైనా మార్చుకోవచ్చు. క్యాప్సూల్ మాత్రం కొన్నప్పుడు వచ్చిందే.

గ్యాస్ ఫ్లోకి పనికొచ్చే క్యాప్సూల్స్ మామూలుగా మూడు మెట్లలో దొరుకుతాయి. రోజ్‌మౌంట్ 3051లో రేంజ్ 1 అంటే 25 అంగుళాల వాటర్ కాలమ్, సుమారు 6.2 కిలోపాస్కల్స్. రేంజ్ 2 అంటే 250 అంగుళాలు, 62 కిలోపాస్కల్స్. రేంజ్ 3 అంటే 1,000 అంగుళాలు, 249 కిలోపాస్కల్స్. యొకొగావా ఈజేఏ 110లో ఎల్ క్యాప్సూల్ 10, ఎం క్యాప్సూల్ 100, హెచ్ క్యాప్సూల్ 500 కిలోపాస్కల్స్. మి.మీ. వాటర్ కాలమ్‌లో ఆలోచించే వాళ్లు ఒక కిలోపాస్కల్‌ని 102 మి.మీ. అనుకుంటే చాలు. పాత డ్రాయింగుల్లో కనపడే 2,500 మి.మీ. అంటే దాదాపు 25 కిలోపాస్కల్సే.

ఒకే లైన్, నాలుగు ఎంపికలు

పోలిక గాల్లో చేయడం కంటే ఒక లైన్ తీసుకుని చేద్దాం. లోపలి వ్యాసం సుమారు 200 మి.మీ. పైపు, సహజ వాయువు, లైన్ ప్రెజర్ 10 బార్ అబ్సల్యూట్ (వాతావరణ పీడనం కలిపి), 25 డిగ్రీలు. అక్కడ గ్యాస్ సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 7.3 కిలోలు. ఫ్లో గంటకి గరిష్ఠం 10,000, మామూలుగా 6,000, కనిష్ఠం 2,000 స్టాండర్డ్ ఘనపు మీటర్లు. గరిష్ఠ ఫ్లోకి డీపీ ఎంత రావాలో మనం ముందు నిర్ణయించుకుంటే, దానికి తగ్గట్టు ప్లేట్ బోర్ వస్తుంది. కింది అంకెలు ఉజ్జాయింపువి, కానీ పోల్చడానికి సరిపోతాయి. డీపీ, నష్టం అన్నీ కిలోపాస్కల్స్‌లోనే. శాశ్వత నష్టం అంటే ప్లేట్ దాటాక తిరిగి రాని పీడనం.

| గరిష్ఠ ఫ్లోలో డీపీ (కిలోపాస్కల్స్) | బీటా | మామూలు ఫ్లోలో డీపీ | కనిష్ఠ ఫ్లోలో డీపీ | గరిష్ఠ ఫ్లోలో శాశ్వత నష్టం |
|---|---|---|---|---|
| 6.25 | 0.58 | 2.25 | 0.25 | 4 |
| 25 | 0.42 | 9 | 1 | 20 |
| 50 | 0.36 | 18 | 2 | 43 |
| 100 | 0.30 | 36 | 4 | 90 |

ఇప్పుడు నాలుగింటికీ ఒకే చిన్న తప్పు పెట్టి చూద్దాం. జీరో 0.02 కిలోపాస్కల్స్, అంటే 2 మి.మీ. నీళ్లంత జరిగిందనుకోండి. ఫీల్డ్‌లో ఇది పెద్ద తప్పేమీ కాదు. 62 కిలోపాస్కల్స్ క్యాప్సూల్‌లో యూఆర్‌ఎల్‌తో పోలిస్తే ఇది 0.03 శాతమే. కనిష్ఠ ఫ్లో దగ్గర దీని ఫలితం మొదటి వరుసలో 4 శాతం ఫ్లో తప్పు, రెండో దాంట్లో 1 శాతం, మూడో దాంట్లో 0.5, నాలుగో దాంట్లో 0.25 శాతం. ఒకే జీరో షిఫ్ట్, ఒకే గ్యాస్. మారింది ప్లేట్ బోర్ ఒక్కటే.

దీన్ని చూడగానే 100 పెట్టేద్దాం అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఎక్కువ డీపీకి ఖర్చు ఉంది. చివరి కాలమ్ చూడండి: నాలుగో ఎంపికలో పూర్తి ఫ్లో దగ్గర దాదాపు 0.9 బార్ తిరిగి రాకుండా పోతుంది. పదిలో ఒక బార్ వదులుకోవడానికి కింద ఉన్న రెగ్యులేటర్, బర్నర్ లేదా కంప్రెసర్ ఒప్పుకుంటాయా అనేది ప్రాసెస్ వాళ్లని అడగకుండా తేల్చే విషయం కాదు. రెండో ఖర్చు గ్యాస్ వ్యాకోచం.

లైన్ ప్రెజర్ ఎంతుంటే డీపీ ఎంతదాకా?

ద్రవాలకి ఈ గొడవ లేదు. గ్యాస్ మాత్రం ప్లేట్ దాటుతూ పీడనం తగ్గగానే వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది. దాన్ని ఎక్స్‌పాన్షన్ ఫ్యాక్టర్‌తో సరిచేస్తాం. ఈ ఫ్యాక్టర్‌కీ అనిశ్చితి ఉంది. ఐఎస్ఓ 5167-2 దాన్ని శాతంలో ఇలా చెబుతుంది: 3.5ని డీపీతో గుణించి, ఐసెన్‌ట్రోపిక్ ఎక్స్‌పోనెంట్ (గ్యాస్ వ్యాకోచించే తీరుని చెప్పే అంకె), అప్‌స్ట్రీమ్ (ప్లేట్ ముందు) అబ్సల్యూట్ ప్రెజర్ల లబ్ధంతో భాగించాలి. ఆ ఎక్స్‌పోనెంట్ 1.3 అనుకుంటే మన లైన్‌లో 25 కిలోపాస్కల్స్‌కి 0.07 శాతం, 50కి 0.13, 100కి 0.27 శాతం. మొదటి రెండూ పట్టించుకోనక్కర్లేదు. మూడోది ప్లేట్ అనిశ్చితికి సగం దాటింది, అదీ జీరో సరిచేసినా పోని తప్పు. ఈ సమీకరణం వాడాలంటే డౌన్‌స్ట్రీమ్, అప్‌స్ట్రీమ్ ప్రెజర్ల నిష్పత్తి 0.75కి తగ్గకూడదని అదే స్టాండర్డ్ చెబుతుంది. కానీ అది అసలు దాటకూడని గోడ. డిజైన్ చేసేటప్పుడు దానికి చాలా దూరంలో ఉండాలి.

గ్యాస్ ఫీల్డుల్లో చాలాకాలంగా వాడుతున్న ఒక సులభ సూత్రం ఉంది: అంగుళాల వాటర్ కాలమ్‌లో డీపీ, పీఎస్ఐలో అబ్సల్యూట్ లైన్ ప్రెజర్‌ని దాటకూడదు. మెట్రిక్‌లోకి మార్చుకుంటే ఒక్కో బార్ అబ్సల్యూట్‌కి సుమారు 3.6 కిలోపాస్కల్స్. ఈ లెక్కన మన 10 బార్ లైన్‌కి పరిమితి 36 కిలోపాస్కల్స్. 25 హాయిగా లోపల ఉంది. 50 కొంచెం బయట ఉంది కానీ, ఫ్లో కంప్యూటర్ ఎక్స్‌పాన్షన్ ఫ్యాక్టర్‌ని ఎప్పటికప్పుడు లెక్కకడుతుంటే భయపడాల్సిన పనిలేదు. డీసీఎస్‌లో (ప్లాంట్ కంట్రోల్ సిస్టమ్‌లో) స్థిరమైన ఫ్యాక్టర్ ఒకటి పెట్టి వదిలేసే లూప్ అయితే మాత్రం 36 దాటించను.

తక్కువ ప్రెజర్ లైన్లలో ఇదే సూత్రం మన చేతులు కట్టేస్తుంది. బర్నర్ ముందు 1.1 బార్ అబ్సల్యూట్ ఉన్న ఫ్యూయెల్ గ్యాస్‌కి పరిమితి 4 కిలోపాస్కల్స్. అక్కడ చిన్న క్యాప్సూల్ తప్ప దారి లేదు, స్పాన్ 2.5 నుంచి 4 మధ్య ఉంటుంది. అటు చివర 60 బార్ లైన్‌కి ఈ సూత్రం 216 దాకా ఒప్పుకుంటుంది. ఒప్పుకుంది కదా అని అంత పెట్టకండి. పెద్ద పైపులో పలచటి ప్లేట్ ఆ డీపీకి వంగుతుంది, వంగిన ప్లేట్ కోఎఫిషెంట్ మారిపోతుంది. హై ప్రెజర్ లైన్లలోనూ 50, 60 దగ్గర ఆగితే చాలావరకు అన్నీ కుదురుతాయి.

పెద్ద క్యాప్సూల్ కొని చిన్న స్పాన్ పెట్టుకోవచ్చా?

స్టోర్స్‌లో ఒకే రకం ఉంచుకోవడం సులువని 249 కిలోపాస్కల్స్ క్యాప్సూల్‌నే అన్నిచోట్లా పెట్టే అలవాటు కొన్ని ప్లాంట్లలో ఉంది. డేటా షీట్ 100:1 టర్న్‌డౌన్ (యూఆర్‌ఎల్‌లో నూరో వంతు దాకా స్పాన్ తగ్గించుకోవచ్చు) అంటుంది కాబట్టి 25కి స్పాన్ చేయడానికి అభ్యంతరమేముంది అనుకుంటారు. అభ్యంతరం ఉష్ణోగ్రత వాక్యంలో ఉంది. అక్కడ తప్పుని స్పాన్‌లో శాతంగా మాత్రమే చెప్పరు, యూఆర్‌ఎల్‌లో శాతం కూడా కలుపుతారు.

ప్రతి 28 డిగ్రీల మార్పుకి యూఆర్‌ఎల్‌లో 0.0125 శాతం, దానికి తోడు స్పాన్‌లో 0.0625 శాతం అన్నది ఇలాంటి పరికరాలకి కొత్తేమీ కాని స్పెక్. స్పాన్ 25 కిలోపాస్కల్స్ పెట్టి లెక్కకడితే, 62 క్యాప్సూల్‌లో తప్పు 0.023 కిలోపాస్కల్స్, 249 క్యాప్సూల్‌లో 0.047. మన లైన్ కనిష్ఠ ఫ్లోలో డీపీ 1 కిలోపాస్కల్ మాత్రమే కాబట్టి మొదటిది ఫ్లోలో 1.2 శాతం, రెండోది 2.3 శాతం తప్పు. లైన్ ప్రెజర్ వల్ల వచ్చే జీరో షిఫ్ట్ కూడా యూఆర్‌ఎల్ లెక్కలోనే పెరుగుతుంది. దాన్ని మాత్రం మానిఫోల్డ్ (ట్రాన్స్‌మిటర్ ముందుండే వాల్వుల దిమ్మ) ఈక్వలైజ్ చేసి, అంటే రెండు పక్కలా ఒకే ప్రెజర్ ఉండేలా కలిపి, లైన్ ప్రెజర్ ఉండగానే జీరో చేసి తీసేయొచ్చు. ఉష్ణోగ్రత తప్పుని అలా తీయలేం, పొద్దున చేసిన జీరో మధ్యాహ్నానికి ఉండదు.

అందుకని నా సలహా: కావాల్సిన స్పాన్‌ని ఇముడ్చుకునే క్యాప్సూల్స్‌లో అన్నిటికంటే చిన్నదాన్ని తీసుకోండి, కానీ పై పక్కన కాస్త జాగా ఉండాలి. 25కి 62 క్యాప్సూల్ చక్కగా సరిపోతుంది. రేపు 40కో 50కో మార్చుకోవాలన్నా కుదురుతుంది. 6 కిలోపాస్కల్స్ స్పాన్‌కి 6.2 క్యాప్సూల్ తీసుకుంటే ఆ వెసులుబాటు ఉండదు. పైగా చిన్న క్యాప్సూల్స్ మెత్తనివి. ట్రాన్స్‌మిటర్ కాస్త వాలినా జీరో కదులుతుంది, స్పెక్ శాతాలు కూడా మధ్య మెట్టు క్యాప్సూల్ అంత బాగుండవు. వాటిని అవసరం ఉన్నచోటే వాడాలి.

ఒకటా, రెండా?

గరిష్ఠ, కనిష్ఠ ఫ్లోల నిష్పత్తి 3:1 లోపల తిరిగే లైన్‌కి ఒక ట్రాన్స్‌మిటర్ చాలు, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. 5:1 దాకా కూడా మంచి ట్రాన్స్‌మిటర్, సరైన స్పాన్, క్రమం తప్పని జీరో చెక్ ఉంటే నడుస్తుంది. 10:1 అడిగినప్పుడే ఒకే ప్లేట్ మీద రెండు ట్రాన్స్‌మిటర్లు పెట్టే ఆలోచన చేయాలి.

మన ఉదాహరణలో కనిష్ఠం 2,000 కాకుండా 1,000 అయిందనుకుందాం. 25 కిలోపాస్కల్స్ డిజైన్‌లో అప్పుడు డీపీ 0.25. ఒక్క ట్రాన్స్‌మిటరే ఉంటే ల్యాబ్ ఖచ్చితత్వం లెక్కలోనే తప్పు 3.75 శాతం. పక్కన 0 నుంచి 2.5 కిలోపాస్కల్స్ స్పాన్‌తో ఇంకోటి పెడితే, అది 31 శాతం ఫ్లో దాకా చూసుకుంటుంది. అదే 0.25 దానికి 10 శాతం స్పాన్. తప్పు 0.4 శాతం లోపలికి దిగుతుంది. తేడా పదింతలు.

కానీ ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, మామూలు ఫ్లోలో చిన్న ట్రాన్స్‌మిటర్ గంటల తరబడి రేంజ్ దాటి కూర్చుంటుంది. క్యాప్సూల్‌కి దెబ్బ తగలకపోవచ్చు, చాలా మోడళ్లు ఒక పక్క పూర్తి లైన్ ప్రెజర్ పడినా తట్టుకుంటాయి. ఓవర్ రేంజ్ నుంచి దిగాక జీరో ఎక్కడికి వస్తుందన్నదే అసలు ప్రశ్న. ఆ స్పెక్ డేటా షీట్‌లో వెతికి చదవండి. రెండోది, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే చోటు. పైకి వెళ్లేటప్పుడు చిన్నదాని 95 శాతం డీపీ దగ్గర, కిందకి వచ్చేటప్పుడు 85 దగ్గర మార్చితే లూప్ అటూ ఇటూ ఊగదు. ఒకే అంకె పెడితే ఫ్లో ఆ చుట్టుపక్కల ఉన్నంతసేపూ కంట్రోల్ వాల్వ్‌కి నిలకడ ఉండదు. మూడోది పని భారం: ఇంకో మానిఫోల్డ్, ఇంకో ఇన్‌పుట్ చానెల్, క్యాలిబ్రేషన్ లిస్టులో ఇంకో వరుస. దీనికి బదులుగా ఒక మంచి లాభం దొరుకుతుంది. చిన్నదాని పరిధిలో ఫ్లో ఉన్నప్పుడు రెండు రీడింగులూ పక్కపక్కన చూస్తే ఏదో ఒకటి దారి తప్పుతోందని ముందే పసిగట్టొచ్చు.

కొన్ని కొత్త మోడళ్లు ఖచ్చితత్వాన్ని స్పాన్‌లో కాకుండా రీడింగ్‌లో శాతంగా ఇస్తాయి, ఒక్కటే పెద్ద టర్న్‌డౌన్‌ని మోస్తుందని చెప్తాయి. ఆ మాట నమ్మదగ్గదే. అయితే ఆ హామీ ట్రాన్స్‌మిటర్ డయాఫ్రమ్ దగ్గర ఆగిపోతుంది, ఇంపల్స్ లైన్‌లో (పైపు నుంచి ట్రాన్స్‌మిటర్‌కి ప్రెజర్ తెచ్చే సన్నటి ట్యూబులో) జరిగేదానికి అది పూచీ పడదు. పొడి గ్యాస్, చిన్న ఇంపల్స్ లైన్, దగ్గరగా బిగించిన మానిఫోల్డ్ ఉంటే రెండు ట్రాన్స్‌మిటర్ల కంటే అలాంటిది ఒకటి తీసుకోవడమే మేలనుకుంటాను.

ఫ్లో రోజులో కాకుండా కాలాన్ని బట్టి మారే చోట్ల ఇవేవీ అక్కర్లేదు, ప్లేట్ మార్చడం ఉత్తమం. డ్యూయల్ చాంబర్ ఫిట్టింగ్ ఉంటే లైన్ ఆపకుండానే ప్లేట్ బయటికి తీయొచ్చు. కొత్త బోర్ ఫ్లో కంప్యూటర్‌లో ఎక్కించడం మర్చిపోకూడదు, అంతే.

ఇంపల్స్ లైన్లో నీళ్లు

చిన్న రేంజ్ పెట్టే ముందు సైట్‌కి వెళ్లి ఇంపల్స్ లైన్ కళ్లారా చూడమని ప్రత్యేకంగా చెబుతాను. గ్యాస్‌లో తేమ, కండెన్సేట్ ఎంతో కొంత ఉంటుంది. ట్యూబింగ్‌లో ఒక చోట కిందికి వంగిన భాగం ఉంటే అక్కడ చేరుతుంది. ఒక పక్క లెగ్‌లో 100 మి.మీ. నీళ్లు నిలిస్తే ట్రాన్స్‌మిటర్‌కి అది 0.98 కిలోపాస్కల్స్ డీపీ. స్పాన్ 25 అయితే 4 శాతం తప్పు. స్పాన్ 2.5 అయితే 39 శాతం. హై సైడ్‌లో నిలిస్తే తప్పు ఒక దిక్కు, లో సైడ్‌లో నిలిస్తే ఇంకో దిక్కు. పూర్తి ఫ్లోలో ఇది ఎవరికీ కనపడదు. ఫ్లో తగ్గినప్పుడు మీటర్ సున్నాకి పోవడమో, గ్యాస్ ఆపినా ఫ్లో చూపించడమో జరుగుతుంది. అప్పుడు అందరూ ట్రాన్స్‌మిటర్‌నే తప్పుపట్టి మార్చేస్తారు. కొత్తదీ అలాగే చూపిస్తుంది.

పైపు పై భాగం నుంచి ట్యాప్స్ (ప్రెజర్ తీసుకునే రంధ్రాలు) తీసి, ట్రాన్స్‌మిటర్‌ని ట్యాప్స్ కంటే పైన పెట్టి, ట్యూబింగ్ అంతా పైపు వైపు వాలి ఉంటే నీళ్లు వాటంతటవే వెనక్కి పోతాయి. ఆ ఏర్పాటు లేని చోట, మార్చే వీలూ లేని చోట 5 కిలోపాస్కల్స్ కంటే తక్కువ స్పాన్ పెట్టడం నాకు ఇష్టం ఉండదు. ప్లేట్ బోర్ తగ్గించి డీపీ పెంచుకోవడమే అక్కడ సరైన దారి.

పిస్టన్ కంప్రెసర్ దగ్గరి లైన్లలోనూ ఎక్కువ డీపీ వైపే మొగ్గాలి. పల్సేషన్ (ఫ్లో గబగబా పెరుగుతూ తగ్గుతూ కొట్టుకోవడం) ఉన్నప్పుడు ట్రాన్స్‌మిటర్ డీపీని సగటు చేస్తుంది, వర్గమూలం తర్వాత తీస్తాం. ఆ వరసలో వచ్చే ఫ్లో ఎప్పుడూ అసలుకంటే ఎక్కువే. డ్యాంపింగ్ (రీడింగ్ ఊగకుండా నెమ్మది చేసే సెట్టింగ్) పెంచితే ట్రెండ్ గీత నున్నగా అవుతుంది కానీ ఆ తప్పు అక్కడే ఉంటుంది.

పైన ఎంత జాగా వదలాలి?

ఇక మ్యాగ్జిమమ్ కాలమ్‌కి వద్దాం. ప్రాసెస్ వాళ్లు 8,000 అనుకుని 10,000 రాస్తారు. మీటర్ రన్ (ప్లేట్, దానికి అటూ ఇటూ ఉన్న పైపు) సైజు చేసేవాళ్లు ఇంకో పది, ఇరవై శాతం కలిపి 12,000 అంటారు. మామూలు ఫ్లో 6,000 అలాగే ఉంటుంది. అప్పుడు మామూలు ఫ్లో అంటే స్కేల్‌లో సగం, డీపీలో పావు. కనిష్ఠం 2,000 అయితే డీపీ 3 శాతం కూడా ఉండదు. ప్రతివాళ్లూ మంచికే కలిపారు, భారమంతా మీటర్ మీద పడింది. మార్జిన్ ఎక్కడెక్కడ ఎంత కలిసిందో అడిగి, ఒక్కసారే ఉంచండి.

మార్జిన్ అసలు లేకుండా కూడా ఉండకూడదు. నామూర్ ఎన్ఈ 43 (సిగ్నల్ హద్దులు చెప్పే సిఫార్సు) పాటించే ట్రాన్స్‌మిటర్ 20.5 మిల్లీ ఆంప్స్ దగ్గర ఆగిపోతుంది. డీపీ సిగ్నల్‌ని అలాగే పంపే లూప్‌లో అది 103 శాతం డీపీ, అంటే 101.6 శాతం ఫ్లో. ఆ పైన ఎంత గ్యాస్ పోయినా మీటర్ అదే చూపిస్తుంది, బిల్లింగ్ మీటర్ అయితే ఆ గ్యాస్ లెక్కలోకి రాదు. డీపీ స్పాన్‌లో 20 శాతం అదనంగా వదిలితే ఫ్లోలో 9.5 శాతం జాగా వస్తుంది. చాలా లైన్లకి అది చాలు. అయిదేళ్ల తర్వాత ప్లాంట్ పెరుగుతుందన్న ఫ్లో కోసం ఈ రోజు స్పాన్ పెంచుకోవద్దు. ఆ రోజు ప్లేట్ మార్చుకోవచ్చు.

స్పాన్ మార్చినప్పుడల్లా చూసుకోవాల్సినవి రెండున్నాయి. ట్రాన్స్‌మిటర్‌లో 0 నుంచి 25ని 0 నుంచి 50 చేసి, డీసీఎస్‌లో పాతది వదిలేస్తే ఫ్లో 29 శాతం తక్కువ చూపిస్తుంది. వర్గమూలం ట్రాన్స్‌మిటర్‌లో ఒకసారి, డీసీఎస్‌లో ఒకసారి తీస్తే 25 శాతం డీపీ దగ్గర 50కి బదులు 71 శాతం ఫ్లో కనపడుతుంది. 100 శాతం దగ్గర రెండూ ఒకటే కాబట్టి పూర్తి స్కేల్ చెక్‌లో ఇది బయటపడదు, మధ్యలో ఒక పాయింట్ తప్పక చూడాలి.

మన లైన్‌కి ఏది?

పై లెక్కలన్నీ పెట్టుకుని చూస్తే, ఈ 10 బార్ లైన్‌కి నేను 62 కిలోపాస్కల్స్ క్యాప్సూల్ తీసుకుని, గరిష్ఠ ఫ్లోకి 25 వచ్చేలా ప్లేట్ సైజు చేసి, స్పాన్ 0 నుంచి 30 పెడతాను. బీటా 0.42 దగ్గర ఉంటుంది, స్టాండర్డ్ ఇచ్చే మంచి పరిధికి మధ్యలో. నష్టం 20 కిలోపాస్కల్స్, ఎక్స్‌పాన్షన్ అనిశ్చితి పట్టించుకోనక్కర్లేనిది. ప్రాసెస్ వాళ్లు నష్టానికి ఒప్పుకుని, ఫ్లో కంప్యూటర్ ఉండి, అది బిల్లింగ్ మీటర్ అయితే 50కి వెళ్తాను. అప్పుడు స్పాన్ 60 పెట్టినా అదే క్యాప్సూల్ సరిపోతుంది. 6.25 ఎంపికని ప్రెజర్ నష్టం అసలు భరించలేని లైన్‌కి మాత్రమే ఉంచుతాను, అక్కడ కూడా కనిష్ఠ ఫ్లో మామూలు ఫ్లోలో సగానికి దిగదని హామీ ఉంటేనే. 100 ఎంపిక ఈ లైన్‌కి వద్దు.

కంట్రోల్ లూప్ మాత్రమే అయితే ఇంత పట్టుదల అక్కర్లేదు, రీడింగ్ నిలకడగా తిరిగి తిరిగి ఒకేలా వస్తే చాలు. డబ్బు లెక్కకట్టే మీటర్‌కైతే ఆర్డర్ ఇచ్చే ముందు గత ఏడాది గంటవారీ ఫ్లో రికార్డు తెప్పించుకోండి. కొత్త లైన్ అయితే అలాంటి డ్యూటీలో ఉన్న పాత లైన్‌ది తెప్పించుకోండి. గంటల్లో సగం పైగా 30 శాతం స్కేల్ కింద ఉన్నాయని తేలితే, ట్రాన్స్‌మిటర్ మోడల్ గురించి మాట్లాడే ముందు ప్లేట్ బోర్‌ని మళ్లీ లెక్కకట్టించండి.